టర్బో మార్చేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి ఇటలీలోని టురిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ 1984 నాటి మసెరాటి బైటర్బో కారు ఒకటి తక్కువ ధరకు వస్తోందట, కొనమంటారా అని నన్ను అడుగుతున్నాడు. బస్సుల టర్బోలు విప్పి బిగించిన చేతులే గాని ఈ కారు సంగతి నాకు తెలియదు. ఏమేమి చూసుకోమని చెప్పాలి?
– అ. రా., టెక్కలి

జవాబు: ధర ఎందుకు తక్కువో ముందు చెప్పుకుందాం. పారిశ్రామికవేత్త అలెహాండ్రో డి టొమాసో ఆధీనంలో ఉన్న మసెరాటి సంస్థ 1981 డిసెంబరు 14న ఈ కారును తొలిసారి ప్రదర్శించింది. ఆ రోజుల్లో ఇటలీలో రెండు లీటర్లు దాటిన ఇంజన్ గల కార్లపై 38 శాతం, అంతకు లోపున్న వాటిపై 19 శాతం పన్ను ఉండేది. అందుకని ఆరు సిలిండర్ల ఇంజన్‌ను 1,996 సీసీల్లో ముగించి, కావలసిన బలాన్ని రెండు టర్బోలతో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే చక్రాలతో) రాబట్టారు. రెండు టర్బోలు బిగించి బజారులో అమ్మిన కార్లలో ఇదే మొదటిది. ఆ టర్బోలు మాత్రం ఇటలీవి కావు, జపానుకు చెందిన ఐహెచ్ఐ సంస్థవి. తొలి సంవత్సరాల బండ్లు కొన్నవారిని బాగా ఇబ్బంది పెట్టాయి, ఆ చెడ్డపేరు ఈనాటికీ ధరలో కనబడుతుంది. అయితే శ్రద్ధగా చూసుకున్న బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి గనుక, పేరును పక్కనబెట్టి ఎదుట ఉన్న బండిని పరీక్షించమనే నేను చెబుతాను.

బస్సు టర్బోకూ దీనికీ ఉన్న అసలు తేడా వేడిలో ఉంది. డీజిల్ బస్సు నిండు బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు కూడా సైలెన్సర్ వైపు వెళ్లే పొగ వేడి సాధారణంగా 700 డిగ్రీల సెల్సియస్ దాటదు, పెట్రోలు టర్బో ఇంజన్‌లో అది 900 డిగ్రీలు కూడా దాటవచ్చు. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ పలుచని ఆయిల్ పొర మీద తేలుతుంటుంది. వేగంగా వచ్చిన బండిని ఆపీ ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది, షాఫ్టు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఎర్రగా కాలిన గూటిలో నిలిచిపోయిన ఆయిల్ మూకుడుకు అంటుకున్న మాడిన నూనెలా నల్లటి పెచ్చుగా మారుతుంది. ఆ పెచ్చు సన్నని ఆయిల్ దారిని మూసిన తర్వాత బేరింగు అరగడం ఎంతో కాలం పట్టదు. తొలి బైటర్బోల టర్బోలను చల్లబరిచేది ఆయిల్ ఒక్కటే, కూలంట్ (రేడియేటర్ నీరు) తిరిగే టర్బోలు తర్వాతి సంవత్సరాల్లో వచ్చాయి. మీ డిపోల్లో బస్సును ఆపేముందు కాసేపు ఐడిలింగ్‌లో ఉంచమని డ్రైవర్లకు చెప్పే మాటే ఈ కారుకు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కాబట్టి అమ్మేవారిని మీ అబ్బాయి అడగవలసిన మొదటి ప్రశ్న, ఆయిల్ ఎన్నాళ్లకొకసారి మార్చారు, బిల్లులు ఉన్నాయా అన్నది. మైలేజీ మీటరు కన్నా నేను ఆ బిల్లులనే నమ్ముతాను.

రెండోది టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్ల కదలికకు తగినట్లు వాల్వులను తెరిచి మూయించే పట్టీ. ఈ ఇంజన్‌లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. సిలిండరుకు మూడు చొప్పున పద్దెనిమిది వాల్వులున్న ఇంజన్‌లో ఆ ఖర్చు ఎంతవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. బెల్టు కిలోమీటర్లతోనే కాక వయసుతో కూడా పాడవుతుంది గనుక, చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, కొన్న తర్వాత ఇంటికి నడిపి తేవడం కూడా వద్దు, లారీ మీద తెచ్చుకొని బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి మార్పించాలి.

1984 బండి అంటే కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పరికరం) ఉన్నదే, ఫ్యూయల్ ఇంజెక్షన్ తర్వాత వచ్చింది. మామూలుగా కార్బురేటర్ గాలిని పీల్చుకుంటుంది. ఇక్కడ మాత్రం మూసిన పెట్టెలో కూర్చున్న వెబర్ కార్బురేటర్‌లోకి టర్బోలే గాలిని ఒత్తిడితో నెడతాయి. ఆ పెట్టె గ్యాస్కెట్ ఎక్కడ కారినా, హోస్ పైపు ఎక్కడ పగిలినా బండి ఈడ్చడం మానేస్తుంది, దానికి టర్బో పోయిందని తీర్పు చెప్పేవారు అక్కడా ఉంటారు. ఇంజన్ ఆపి, పైపులను ఒక్కొక్కటిగా వంచి చూస్తే పాత రబ్బరు పగుళ్లు బయటపడతాయి. ఇంతకంటే ప్రమాదకరమైనది పెట్రోలు చాలకపోవడం: ఒత్తిడి ఎక్కిన వేళ కార్బురేటర్ జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంలో) మురికి చేరి పెట్రోలు తగ్గితే సిలిండర్ వేడెక్కి, ఇంజన్ తన్ని (నాకింగ్ వచ్చి), పిస్టన్ తల కరిగిపోయే వరకూ వస్తుంది. అందుకని ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన బండికి ట్యాంకు, ఫిల్టరు, కార్బురేటర్ శుభ్రం చేయకుండా వేగం పరీక్షించనివ్వవద్దు.

ఇక ఫ్యూజు పెట్టె వేడెక్కి కరగడం ఈ కారుకున్న పేరుమోసిన జబ్బు. మూత తీసి ప్లాస్టిక్ రంగు మారిందేమో చూడమనండి. తుప్పు సంగతి టురిన్‌లో ఎవరైనా చెబుతారు, చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరు అది. కొన్న ధరకు సమానమైన డబ్బు మరమ్మతుకు చేతిలో లేకపోతే నేనైతే కొనవద్దనే అంటాను.

ప్రశ్న: నాది ఫియట్ వారి అబార్త్ పుంటో, 2016 మోడల్ టర్బో కారు. ఒడిశాలోని సుంకి నుంచి ఘాటు రోడ్డు దిగి సాలూరు చేరాక ఆక్సిలరేటర్ తొక్కగానే వెనుక నీలి పొగ గుప్పుమని వచ్చి, కాసేపట్లో పోతుంది. టర్బో మార్చాలని గ్యారేజీవారు అంటున్నారు. మార్పించాలా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు రాసిన వివరాన్నిబట్టి టర్బో మీద నా అనుమానం తక్కువ. 145 హార్స్‌పవర్ గల ఈ 1,368 సీసీ ఇంజన్‌ను గేర్లో ఉంచి, ఆక్సిలరేటర్ మీద కాలు తీసేసి ఘాటు దిగుతున్నంతసేపూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో) గట్టి వాక్యూమ్ ఏర్పడుతుంది. వాల్వు స్టెమ్ సీళ్లు (వాల్వు కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు వలయాలు) గట్టిపడి ఉంటే ఆ వాక్యూమ్ ఆయిల్‌ను కొద్దికొద్దిగా సిలిండర్లలోకి లాగి నిల్వ చేస్తుంది, మళ్లీ ఆక్సిలరేటర్ తొక్కగానే అదంతా ఒక్కసారిగా కాలి నీలి పొగగా బయటికి వస్తుంది. టర్బో సీలు పోయి ఉంటే ఘాటు ఎక్కేటప్పుడు, పూర్తి బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) మీద కూడా పొగ కనబడాలి. మీరు ఆ మాట రాయలేదు.

అయినా ఊహ మీద డబ్బు పెట్టకూడదు. ఇంజన్ చల్లారాక గాలి వచ్చే పైపు ఊడదీసి, టర్బో చక్రం ఇరుసును వేళ్లతో కదిపి చూడమనండి. పక్కలకు కొంచెం ఆట ఉండడం సహజం, ఆయిల్ పొర లేనప్పుడు అది తెలుస్తుంది. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత ఆట ఉన్నా, చక్రం రెక్కలు గూటికి రాసుకున్న గుర్తులున్నా టర్బో పనైపోయినట్లే. పైపు లోపల పలుచని ఆయిల్ తడి కనిపిస్తే కంగారుపడవద్దు, ఇంజన్ బ్రీతర్ (లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) నుంచి అంతమాత్రం వస్తుంది. ఆయిల్ చుక్కలుగా కారుతుంటే మాత్రం టర్బోను నిందించేముందు మరో మూడు చూడాలి: ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, బ్రీతర్ పైపు పూడిందా, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే పైపు వంగిందా అని. ఆ దిగే పైపులో ఒత్తిడి ఉండదు, ఆయిల్ తన బరువుతోనే జారాలి. దారి మూసుకుంటే మంచి టర్బో కూడా సీళ్ల గుండా ఆయిల్ కక్కుతుంది, కొత్తది బిగించినా అదే పని చేస్తుంది. కొత్త టర్బో బిగించి పాత ఆయిల్ పైపులను అలాగే వదిలేసే అలవాటు మన గ్యారేజీల్లో ఎక్కువ, రెండో టర్బో కూడా పోవడానికి తరచుగా అదే కారణం.

వాల్వు సీళ్లే అని తేలితే సిలిండర్ హెడ్ దించకుండానే మార్చే పద్ధతి ఉంది. ప్లగ్ రంధ్రం గుండా సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి నింపితే వాల్వు కిందికి జారదు, పైనుంచి స్ప్రింగు తీసి సీలు మార్చవచ్చు. క్యామ్‌లు (వాల్వులను నొక్కి తెరిచే ఇరుసులు) విప్పాల్సి వస్తుంది గనుక టైమింగ్ లాక్ చేసే సామగ్రి ఉన్నవారి దగ్గరకే వెళ్లండి, ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బెల్టు కూడా కొత్తది వేయించండి. సుంకి వైపు ఎక్కాక పైన టీ కోసం ఆగినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను ఐడిలింగ్‌లో ఉంచే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: 2012 ఫియట్ లీనియా టీ-జెట్ టర్బో పెట్రోలు కారులో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయవచ్చా? బంకుల్లో వేరేది దొరకడం లేదు.
– శ్రీకాకుళం పాఠకురాలు

జవాబు: మీ కారు ఆ పెట్రోలు కోసం తయారైంది కాదు, దానికి తగిన రబ్బరు, సీళ్లు 2023 తర్వాతి బండ్లలోనే తప్పనిసరిగా వచ్చాయి. ఇంజన్‌కు వెంటనే ముప్పు లేదు, ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది గనుక టర్బోకు ఆ మేరకు మేలే, ఆక్సిజన్ సెన్సర్ చూసుకొని కంప్యూటర్ పెట్రోలు పాళ్లను సరిచేస్తుంది. జాగ్రత్త అవసరమైనది పాత రబ్బరు గొట్టాలకు. ఇంజన్ దగ్గరి పెట్రోలు గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించండి, ఎందుకంటే అక్కడ కారిన పెట్రోలు చుక్క పడేది కాలుతున్న టర్బో పక్కనే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, మన సముద్ర తీరపు గాలిలో దానికి కొదవ లేదు. వానాకాలంలో బండి వారాల తరబడి నిలిచిపోయేటట్లయితే ట్యాంకు సగం ఖాళీగా ఉంచకుండా నింపి పెట్టండి.