ఈఎంఐ సరే, పడవ ఖర్చు మాటేమిటి?

ప్రశ్న: పడవ కొనాలని మా దంపతులకు చాలాకాలంగా కోరిక. ఇంతవరకు ఇద్దరిలో ఎవరం పడవ నడపలేదు. పది మీటర్ల సెకండ్ హ్యాండ్ మోటార్ క్రూయిజర్ ఒకటి బాగా నచ్చింది. 20 ఏళ్ల నాటిది, రెండు పెట్రోల్ ఇంజన్లు, స్టెర్న్‌డ్రైవ్. మా పొదుపంతా పెట్టినా ధరలో 70 శాతమే వస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చులకని దాచింది కూడా అందులోనే ఉంది. మిగతా 30 శాతానికి 14 శాతం వడ్డీతో ఐదేళ్ల పర్సనల్ లోన్‌కు దరఖాస్తు చేశాం. ఈఎంఐ మా మిగులులో సరిపోతుంది. అమ్మే ఆయన దగ్గర రెండేళ్ల కిందటి సర్వే రిపోర్టు (నిపుణుడు పడవను తనిఖీ చేసి రాసింది) ఉంది, మళ్లీ సర్వే దండగ అంటున్నారు. ఖాళీ రోజుల్లో అద్దెకిస్తే లోన్ దానంతటదే తీరుతుందని అనుకుంటున్నాం. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకోవడానికి కారణం పడవ కాదు. పెద్ద వస్తువు కొనే ప్రతి రెండో మనిషి చేసే పొరపాటే మీరూ చేశారు. ఈఎంఐ కట్టగలమా అని చూసుకున్నారు, ఆ వస్తువును పోషించగలమా అని చూసుకోలేదు.

మీరు పంపిన అంకెల్నే తీసుకుందాం. పడవ ధర 100 అనుకోండి. మీ పొదుపు 70, అందులో ఎమర్జెన్సీ ఫండ్ 20. అన్నీ పోను ఏడాదికి మీకు మిగిలేది 12. లోన్ 30 మీద ఏడాదికి కట్టాల్సింది 8.4. ఇంతవరకు మీ లెక్క తప్పు కాదు. అయితే బెర్త్ (రేవులో పడవ కట్టే చోటు) అద్దె, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, ఏటా పడవను నీళ్లలోంచి పైకి తీసి అడుగు శుభ్రం చేసి రంగు వేయించడం, వీటన్నిటికీ కలిపి పడవల వాళ్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది: ధరలో పదో వంతు. 20 ఏళ్ల పడవకు అది కూడా చాలకపోవచ్చు. 8.4కు 10 కలిపితే 18.4. మీ దగ్గర ఉండేది 12. ఇంకా పెట్రోల్ కొట్టించనే లేదు! ప్రతి ఏటా 6.4 లోటు పడుతుంది. దాన్ని పూడ్చాల్సిన ఫండ్ మొదటి రోజే అమ్మినాయన ఖాతాలో పడిపోయింది. ఆ తర్వాత మిగిలే దారి క్రెడిట్ కార్డు. అలా మొదలైన కథలు నా దగ్గరకు వారానికొకటి వస్తాయి, ఓపిక చచ్చిపోతోంది.

ఎమర్జెన్సీ ఫండ్ అని గొంతు చించుకునేది ఎందుకో మీ పడవలోనే చూపిస్తాను. స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ లోపల ఉంటుంది, ప్రొపెల్లర్ ఉన్న కాలు, అంటే డ్రైవ్, వెనక బయటికి ఉంటుంది. రెంటినీ కలిపే షాఫ్ట్ చుట్టూ హార్మోనియం తిత్తిలా మడతలు పడ్డ రబ్బరు గొట్టం ఒకటుంటుంది. దాన్ని బెలోస్ అంటారు. అది ఉండేది నీటి మట్టానికి కింద. పడవను పైకెత్తి, ఆ మడతల్ని వేలితో విడదీసి చూస్తే తప్ప పగులు కనిపించదు. అది చిరిగిందంటే నీళ్లు నేరుగా లోపలికే. పడవ అడుగున చేరిన నీటిని బిల్జ్ పంపు బ్యాటరీ ఉన్నంతసేపు తోడుతుంది, తర్వాత కట్టిన చోటే పడవ మునుగుతుంది. ఆ రబ్బరు ముక్కకు పెద్ద ధరేమీ ఉండదు. పడవను ఎత్తడానికీ, డ్రైవ్ విప్పి బిగించడానికే ఖర్చంతా. మీకు రెండు ఇంజన్లు, అంటే రెండు తిత్తులు. ఫండ్ లేని మనిషి ఇలాంటి పనిని వచ్చే సీజన్‌కు వాయిదా వేస్తాడు.

‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అంటారేమో. చాలా పాలసీల్లో అరుగుదల, నిర్వహణ లోపం వల్ల జరిగిన నష్టానికి పైసా రాదు. పగిలిన బెలోస్‌ను మార్చకుండా వదిలేశారని తేలితే మీ క్లెయిమ్ అక్కడే ఆగిపోవచ్చు. మునిగిన పడవను అడ్డు తొలగించే బాధ్యత మాత్రం సాధారణంగా యజమానిదే. కాబట్టి పాలసీలో ఆ తొలగింపు ఖర్చుకు రెక్ రిమూవల్ కవర్ ఉందో లేదో, నష్టపోతే ముందే ఒప్పుకున్న విలువ ఇస్తారో, ఆనాటి మార్కెట్ ధర ఇస్తారో చూడండి. ఇక అద్దె ఆలోచన. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ అద్దెకిచ్చిన రోజు మామూలుగా వర్తించదు. లైసెన్సులు, తనిఖీలు వేరే తలనొప్పి. పడవ నడపడం ఇంకా రాని మీరు దాన్ని ముక్కూమొహం తెలియని వాళ్ల చేతికిచ్చి, ఆ డబ్బుతో లోన్ తీరుస్తారా?

సర్వే దండగ అన్న మాట అమ్మేవాళ్ల నోట తప్ప నేనెక్కడా వినలేదు. రెండేళ్ల కిందటి రిపోర్టు ఇంకెవరికోసమో రాసింది. అందులో తప్పుంటే ఆ సర్వేయర్‌ను నిలదీసే హక్కు మీకు ఉండకపోవచ్చు. పైగా పాత పడవకు తాజా సర్వే లేకపోతే చాలా బీమా కంపెనీలు పాలసీ ఇవ్వవు. మీరు పెట్టుకున్న సర్వేయరే పడవను నీళ్లలోంచి తీయించి చూడాలి. ఫైబర్ అడుగులో తేమ, పొక్కులు, డెక్ కింద కుళ్లిన చెక్క అతని పని. ఇంజన్లను విడిగా మెకానిక్‌కు చూపించి, ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపండి. ఇంజన్ తక్కువ గంటలు తిరిగిందని మురిసిపోకండి, ఏళ్ల తరబడి కదలని ఇంజన్ కూడా లోపల తుప్పు పడుతుంది. పడవ మీద పాత అప్పు ఏదైనా ఉందేమో కూడా ఆరా తీయండి. చాలా దేశాల్లో ఆ బకాయి పడవతోపాటే కొన్నవాళ్ల నెత్తికి వస్తుంది.

మీ స్థానంలో నేనైతే ఎమర్జెన్సీ ఫండ్ 20ని అసలు ముట్టుకోను. మిగిలిన 50లో 15 మొదటి ఏడాది ఖర్చులకూ, సర్వేకూ, ఇద్దరూ నడపడం నేర్చుకోవడానికీ తీసి పక్కన పెడతాను. పడవ ధర 35 దాటకూడదు. ఆ డబ్బుకు ఒకే డీజిల్ ఇంజన్ ఉన్న చిన్నది చూడండి. బెర్త్ అద్దె చాలాచోట్ల పొడవును బట్టే కడతారు కాబట్టి ప్రతి మీటరూ కలిసొస్తుంది. ఒక సీజన్ అద్దె పడవలో తిరిగి చూడటం, స్నేహితులతో వాటాగా కొనడం కూడా దారులే.

ఇంకో కొనుగోలుదారు కాచుకుని ఉన్నాడని మీకు చెప్పే ఉంటారు. ఉంటే ఆయన్నే కొనుక్కోనివ్వండి. లోన్ దరఖాస్తు మాత్రం ఈ వారమే వెనక్కి తీసుకోండి. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోయినా ఫర్వాలేదు, వదిలేయండి.