సెలవు నుంచి తిరిగి చేరేవాళ్లు ముందు సర్వీస్ రిజిస్టర్ ఎక్కడుందో చూసుకోండి

"మా ఆవిడ ప్రభుత్వోద్యోగి, పిల్లాడి కోసం నాలుగేళ్లుగా జీతం లేని సెలవులో ఉంది, ఇప్పుడు మళ్లీ చేరితే నెట్టుకురాగలదా, లేక రాజీనామా చేయడమే మేలా" అని ఒకాయన నన్ను అడిగారు, ఆయనకు నా జవాబు ఇది. ముందుగా ఒక మాట, ఆ రాజీనామా ఊసు ఇంట్లో ఎత్తకండి. నేను ఆంధ్రాలో రెవెన్యూ శాఖలో సీనియర్ అసిస్టెంట్‌ని. మా పాపకు పుట్టుకతోనే వినికిడి లేదు, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. ఆపరేషన్‌తో అయిపోయే పని కాదది, ఆ తర్వాత ఏళ్ల తరబడి మాట నేర్పించాలి, థెరపీలో చెప్పినదంతా ఇంట్లో రోజూ చేయించాలి. అందుకే 2017లో సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లాను, 2022 ఎండాకాలంలో తిరిగి చేరాను.

పని గురించి టెన్షన్ పడకండి, పని వచ్చేస్తుంది. నేను వెళ్లేటప్పటికి మా సెక్షన్‌లో కాగితం ఫైలే నడిచేది, వచ్చేసరికి అంతా ఈ-ఆఫీస్. పక్క సీట్లో ఉన్న జూనియర్ అసిస్టెంట్ అమ్మాయి ఓపిగ్గా నేర్పింది, కొద్ది రోజులకే చేయి తిరిగింది. అర్జీదారు ఏమడిగాడు, రూలు ఏమంటోంది, పై అధికారి దగ్గరికి ఏమని పెట్టాలి, ఈ మూడూ కాగితం మీద రాసినా తెర మీద కొట్టినా ఒకటే. పైగా నా అనుభవంలో, ఇన్నేళ్లు ఆసుపత్రుల చుట్టూ, సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి వచ్చిన మనిషి కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ల బాధ అర్థం చేసుకున్నంతగా, ఏళ్ల తరబడి అదే కుర్చీలో ఉన్నవాళ్లు అర్థం చేసుకోలేరు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

అసలు ఇబ్బందంతా కాగితాల దగ్గరే. నా సంగతే చెప్తాను. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, నేను సెలవు పెట్టినప్పుడు ఒకటిగా ఉన్న మా జిల్లా తిరిగి వచ్చేసరికి రెండు ముక్కలైంది. జాయినింగ్ రిపోర్ట్ పట్టుకుని పొద్దున్నే పాత కలెక్టరేట్‌లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే 'ఎ' సెక్షన్‌కి వెళ్తే, "మేడమ్, మీరు చివర పనిచేసిన మండలం కొత్త జిల్లాలోకి వెళ్లిపోయింది, అక్కడే ఇవ్వండి" అన్నారు. సరేనని కొత్త కలెక్టరేట్‌కి వెళ్తే, ఉద్యోగుల్ని పంచుతూ ఇచ్చిన 'ఆర్డర్ టు సర్వ్' జాబితాలో నా పేరు లేదు. పనిలో ఉన్నవాళ్ల జాబితా తీశారు తప్ప సెలవులో ఉన్నవాళ్లు ఒకరున్నారని ఎవరికీ తట్టలేదు. అక్కడి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ గారు మంచాయనే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, కానీ "మిమ్మల్ని ఏ ఖాళీలో చూపించాలమ్మా" అని నన్నే అడిగారు. ఆ సెక్షన్ కుర్రాడు నా పాత ట్రెజరీ ఐడీ కొట్టి చూశాడు, ఏమీ రాలేదు. జీతాలన్నీ 2018లో సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలోకి మారాయి, ఆ మార్పు జరిగినప్పుడు నేను లేను. పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి, మెరిట్‌లో వచ్చి, ప్రొబేషన్ పూర్తి చేసుకున్న మనిషిని ఒక రెవెన్యూ ఆఫీసులో రెవెన్యూ ఉద్యోగినని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చివరికి నన్ను నిలబెట్టింది నా సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్), అంటే ఉద్యోగి సర్వీసు వివరాలన్నీ రాసే పుస్తకం. అది మా పాత తహసీల్దార్ కార్యాలయంలో ఉండాలి. వెళ్లి అడిగితే గుమస్తా బీరువా చూసి లేదన్నాడు. అక్కడ అటెండర్‌గా ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "పాప ఎలా ఉందమ్మా, మాటలొచ్చాయా" అని అడిగి, రికార్డు రూములోకి వెళ్లి చాలాసేపటికి ఒక ఎర్రగుడ్డ మూట దులుపుకుంటూ పట్టుకొచ్చాడు. అందులో నలుగురైదుగురి ఎస్ఆర్‌లు, వాటి మధ్య నాది. అట్ట అంచు చెదలు కొట్టింది. మొదటి పేజీలో నా ఫొటో, పుట్టుమచ్చలు, వేలిముద్రలు అన్నీ బాగానే ఉన్నాయి. చివర రాసి ఉన్న పేజీ తిప్పితే మొదటి విడత సెలవు మంజూరు ఎంట్రీ ఉంది, కింద తహసీల్దార్ సంతకం ఉంది. రెండో విడత పొడిగింపు మాత్రం పెన్సిల్‌తో తారీఖు వేసి వదిలేశారు, సంతకం లేదు. నా దగ్గర ఆ ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, జిరాక్స్ ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ కాపీ లేకపోతే ఆ కాలమంతా అనుమతి లేని గైర్హాజరు అయ్యేది.

అలా అయితే ఏమవుతుందో కూడా చెప్తాను, ఇది మీ ఆవిడకు ముఖ్యం. మన దగ్గర సర్వీసు నిబంధనల్లోని ఎఫ్ఆర్ (ఫండమెంటల్ రూల్) 18 ప్రకారం ఏ సెలవైనా వరసగా ఐదేళ్లు దాటకూడదు. 2007 జూన్‌లో వచ్చిన జీవో 128 ఇంకా గట్టిగా ఉంది, అనుమతి లేకుండా ఏడాది మించి రాకపోయినా, సెలవు ఉన్నా లేకున్నా ఐదేళ్లు మించినా ఉద్యోగం వదిలేసినట్టే లెక్క, సంజాయిషీ అడిగి పేరు తీసేస్తారు. కాబట్టి మీరు ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఐదేళ్లకు ఇంకా ఎన్ని నెలలుంది, మధ్యలో ఏ పొడిగింపైనా మంజూరు కాకుండా ఉండిపోయిందా అని. ఆఫీసులో ఎవరో నోటితో "చూసుకుంటాంలే" అన్నారని ఊరుకోవద్దు.

డబ్బు సంగతి కూడా తెలిసి చేరితే మంచిది. వైద్య కారణం కాని జీతం లేని సెలవు ఎంతకాలం ఉంటే ఇంక్రిమెంట్ అంత వెనక్కి జరుగుతుంది. 2004 సెప్టెంబర్ నుంచి చేరిన సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్) వాళ్లయితే జీతం లేని నెలల్లో పెన్షన్ ఖాతాలో మన 10 శాతం పడదు, ప్రభుత్వ వాటా కూడా పడదు. పోస్టింగ్ కోసం ఆగిన రోజుల్ని 'కంపల్సరీ వెయిటింగ్'గా క్రమబద్ధం చేయించుకోవాలి, అది వెంటపడితే గానీ కాదు. నాకు మొదటి జీతం వచ్చేసరికి చాలా నెలలు పట్టింది, అందుకని ఇంట్లో కొంత డబ్బు పక్కన పెట్టుకుని చేరమనండి. నాతో చేరినవాళ్లు డిప్యూటీ తహసీల్దార్లయ్యారు. మొదట్లో వాళ్లను సార్ అని పిలవాలంటే మనసు చివుక్కుమనేది, తర్వాత పనిలో పడ్డాక ఆ ఆలోచనే రాలేదు.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇస్తారు, మాలాంటి వాళ్లకు ఒక్క వారం శిక్షణ ఎక్కడా లేదు. షా ఫైసల్ అనే ఐఏఎస్ అధికారి 2019 జనవరిలో రాజీనామా చేసి పార్టీ పెట్టి, 2022లో తిరిగి సర్వీసులోకి వచ్చి కేంద్రంలో డిప్యూటీ సెక్రటరీగా చేరారు. ఆయన్ని నేనేమీ అనను, పైస్థాయిలో దారి చూపించగలిగిన ప్రభుత్వాలు ఒక గుమస్తాకు ఎందుకు చూపించవనే నా బాధ. ఇంకొకటి, అమెరికాలో పనిచేసి రావడానికి సెలవు పెట్టిన మగవాళ్లు తిరిగొస్తే ఆఫీసంతా చుట్టూ చేరి విశేషాలడుగుతారు. పిల్లల కోసం ఆగిన ఆడవాళ్లు వస్తే "ఇంట్లో కూర్చుని వచ్చింది" అంటారు. మాట రాని బిడ్డకు మాట నేర్పించడం ఇంట్లో కూర్చోవడమా?

అసలు ఇన్నేళ్లు జీతం లేకుండా పోవాల్సిన అవసరమే ఎందుకు రావాలి? కేంద్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ సెలవు 2008 నుంచి 730 రోజులుంది. మనకు 2016లో 60 రోజులిచ్చారు, 2022 మార్చిలో 180 చేశారు. వైకల్యం ఉన్న పిల్లలున్నవాళ్లకైనా కేంద్రంతో సమానంగా ఇవ్వాలి, ఉద్యోగ సంఘాలు పీఆర్సీ (వేతన సవరణ) కోసం పోరాడినట్టు దీనికోసం ఒక్కసారైనా పోరాడితే వస్తుంది.

సరే, మీ ఆవిడ విషయానికి వస్తే, ముందు ఎస్ఆర్ ఎక్కడుందో కనుక్కుని ప్రతి పేజీ ఫొటో తీసుకోమనండి. అన్ని సెలవు ప్రొసీడింగ్స్, ఎల్‌పీసీ (చివరి జీతం సర్టిఫికెట్) ఒక ఫైల్లో పెట్టమనండి. జాయినింగ్ రిపోర్ట్‌లో తేదీ పక్కన 'ఎఫ్.ఎన్.' (ఫోర్‌నూన్, అంటే పూర్వాహ్నం) అని తప్పకుండా రాయాలి. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద కాగితం అందినట్టు ఆఫీసు తపాలు ముద్ర, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకునే దాకా ఆ సెక్షన్‌లోంచి కదలొద్దని చెప్పండి. రేపు ఎవరైనా మీరు ఆ రోజు రాలేదంటే చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే.