టాక్సీ డ్రైవర్ రోడ్డు మీద ప్రమాదకరంగా నడిపితే ఎవరికి, ఎలా ఫిర్యాదు చేయాలి?

మీరు ఆ టాక్సీలో లేకపోయినా, పక్కన నడిచి వెళ్తున్నా సరే, నిక్షేపంగా ఫిర్యాదు చేయొచ్చు. బండి నంబరుతో పాటు టైము, చోటు, ఎటు వెళ్తున్నాడో కూడా రాసుకోండి, ఎందుకంటే ఒకే టాక్సీని షిఫ్టుల్లో ఇద్దరు ముగ్గురు నడుపుతుంటారు, అప్పుడు స్టీరింగ్ ముందు ఎవరున్నారో తేలేది దాంతోనే. మీ బండిలో డాష్‌క్యామ్ (ముందున్న రోడ్డును రికార్డు చేసే చిన్న కెమెరా) ఉంటే క్లిప్పు అదే రోజు కాపీ చేసుకోండి, మెమరీ కార్డు నిండితే పాతవి చెరిగిపోతాయి.

కంపెనీకి మాత్రమే చెప్పి ఊరుకోవద్దు. టాక్సీకి పర్మిట్ ఇచ్చే అధికారులకూ రాయండి, ప్రాణాల మీదికి తెచ్చేలా నడిపితే నేరుగా పోలీసులకే. ‘ర్యాష్‌గా నడిపాడు’ అంటే ఏమీ తేలదు. ‘ఎర్ర లైటు పడ్డాక కూడా వచ్చి, జీబ్రా క్రాసింగ్ మీదున్న పెద్దావిడకు అడుగు దూరంలో బ్రేకు వేశాడు’ అని రాయండి. వెంటపడి నిలదీయడం మాత్రం వద్దు.