మూడు మాత్రలు వేసుకున్నా తగ్గని బీపీ, నిలవని పొటాషియం.. అడ్రినల్ గడ్డ తీయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 43. ఖమ్మంలో సిమెంటు, ఇనుము వ్యాపారం. నాలుగేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ మూడూ వాడుతున్నా 150/100 కంటే దిగడం లేదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తాయి. మూత్రానికి మూడు నాలుగుసార్లు లేస్తాను. షుగర్ లేదు. పొటాషియం 2.9 వచ్చిందని సిరప్ రాశారు. తాగినన్నాళ్లు 3.6, ఆపితే మళ్లీ మొదటికే. కిడ్నీలో రాయేమోనని తీసిన సీటీ స్కాన్‌లో ఎడమ అడ్రినల్ గ్రంథిలో 1.2 సెం.మీ. గడ్డ ఉందన్నారు. ఒక డాక్టరు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు పట్టించుకోవద్దంటున్నారు. ఇది క్యాన్సరా? ఏడాదిగా గొంతు కోసం అతిమధురం పొడి తేనెలో కలిపి తీసుకుంటున్నాను. కొనసాగించవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: మీరు చివర్లో మామూలుగా అడిగిన దానికే ముందు జవాబు చెప్తాను. అతిమధురం ఈరోజే ఆపేయండి.

మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఉంటుంది. కిడ్నీలో అది ఆల్డోస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ పనిలో వేలు పెట్టకుండా ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ ఆ కాపలాదారును కట్టేస్తుంది. దాంతో ఒంట్లో ఉప్పు నిలిచిపోతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ ఎక్కుతుంది. అచ్చంగా మీ లక్షణాలే. చాలా ఏళ్ల క్రితం హరికథలు చెప్పే ఒక పెద్దాయన ఇలాగే వచ్చారు. మూడుసార్లు అడిగాక జేబులోంచి కాగితం పొట్లం తీసి, ‘ఇది మందు కాదు కదండీ, వేరు ముక్క’ అన్నారు. దాన్ని మానేసిన కొన్ని వారాలకు ఆయన పొటాషియం దానంతటదే సర్దుకుంది.

మీ విషయంలో మాత్రం నేరం మొత్తం అతిమధురం మీదే వేయలేను. బీపీ నాలుగేళ్లది, పొడి ఏడాదిది. క్లోర్‌థాలిడోన్ కూడా పొటాషియం తగ్గించే మందే. కాబట్టి ఆ మాత్ర మొదలుపెట్టక ముందు పొటాషియం ఎంత ఉందో పాత రిపోర్టుల్లో వెతకండి. అప్పటికే 3.5 కంటే తక్కువ ఉంటే నా అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఆ అనుమానం ప్రైమరీ ఆల్డోస్టెరోనిజం, అంటే అడ్రినల్ గ్రంథి అదుపు లేకుండా ఆల్డోస్టెరాన్ వదిలే జబ్బు. 1954లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో డాక్టర్ జెరోమ్ కాన్ దగ్గరికి 34 ఏళ్ల మహిళ వచ్చింది. బీపీ, కండరాలు బిగుసుకుపోవడం, నీరసం, పొటాషియం తక్కువ. అడ్రినల్‌లోని గడ్డ తీసేశాక ఆమె కోలుకుంది. అందుకే దీన్ని కాన్ సిండ్రోమ్ అని కూడా అంటారు. బీపీ రోగుల్లో ఇది చాలామందికే ఉంటుందని ఆయన తర్వాత చెప్తే అతిశయోక్తి అన్నారు. ఇప్పటి పరిశోధనలు ఆయన వైపే మొగ్గుతున్నాయి. పొటాషియం నార్మల్‌గా ఉన్నవాళ్లలోనూ ఇది ఉంటుంది. అసలు ఎక్కువమంది అలాంటివాళ్లే. మీకు పొటాషియం పడిపోవడం ఒక రకంగా మేలే, జబ్బు తన గుర్తు తనే చూపించింది.

ఇది ఎలా జరుగుతుందంటే, అడ్రినల్ గ్రంథులు రెండు కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉంటాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గినప్పుడు కిడ్నీ నుంచి రెనిన్ విడుదలవుతుంది. ఆ కబురు అందితేనే అడ్రినల్ ఆల్డోస్టెరాన్ వదలాలి. అది ఉప్పును పట్టి ఉంచి పొటాషియాన్ని బయటికి పంపుతుంది. ఈ జబ్బులో కబురు లేకుండానే తూము తెరుచుకుని ఉంటుంది. కిడ్నీ ‘ఇక చాలు’ అని రెనిన్ దాదాపు ఆపేసినా ఆల్డోస్టెరాన్ ఆగదు. మీరు రాత్రిళ్లు లేవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. పొటాషియం తగ్గిన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరచలేదు. ఈ స్థితిలో సిరప్ ఒక్కటే తాగితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. అలాగని సిరప్ ఆపొద్దు. 2.9 గుండె లయ తప్పించగల అంకె. ఒక ఈసీజీ తీయించుకోండి. గుండె దడదడలాడినా, కాళ్లు ఎత్తలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇక పరీక్ష. రక్తంలో ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ ఒకేసారి చూసి నిష్పత్తి కట్టాలి. రెనిన్‌ను ‘యాక్టివిటీ’ పద్ధతిలో కొలిస్తే ఆ నిష్పత్తి 20-30 దాటినప్పుడు అనుమానించాలి. కొన్ని ల్యాబులు వేరే పద్ధతి వాడతాయి, వాటి హద్దులు వేరు. నా అనుభవంలో ఈ పరీక్ష తప్పుగా రావడానికి ల్యాబ్ యంత్రం కంటే ముందు జరిగే పొరపాట్లే ఎక్కువ కారణం.

అతిమధురం మానేసి కనీసం నాలుగు వారాలు గడవాలి. పొటాషియం ముందుగా సరిచేసుకోవాలి, అది తక్కువున్నప్పుడు ఆల్డోస్టెరాన్ కూడా కిందికి వచ్చి రిపోర్టు మామూలుగా కనిపిస్తుంది. ఉప్పు విషయంలో నేను చెప్పేది మీకు వింతగా ఉంటుంది: పరీక్షకు ముందు రోజుల్లో చప్పిడి పథ్యం చేయొద్దు. ఉప్పు బాగా తగ్గిస్తే రెనిన్ లేచి లెక్క తప్పుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల సంగతి పరీక్ష అయ్యాక మాట్లాడుకుందాం, అప్పుడు మాత్రం గట్టిగానే మాట్లాడతాను. నిద్రలేచి కనీసం రెండు గంటలు తిరిగాక, పది నిమిషాలు కూర్చుని, పొద్దుటి పూట రక్తం ఇవ్వాలి. పిడికిలి బిగించి వదలమంటారు, అలా చేయొద్దు. దానివల్ల పొటాషియం లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది. రెనిన్ శాంపిల్‌ను ఐసులో పెట్టకూడదని కూడా ల్యాబ్ వాళ్లకు చెప్పండి. చల్లదనానికి రెనిన్ అంకె పెరుగుతుంది.

మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. టెల్మిసార్టాన్ వాడితే రెనిన్ పెరగాలి. అది వేసుకుంటున్నా రెనిన్ లేవలేదంటే జబ్బు వైపు బలమైన సాక్ష్యం. క్లోర్‌థాలిడోన్ మార్చాలా అన్నది మీ డాక్టరు బీపీ చూసి నిర్ణయిస్తారు. ఆల్డోస్టెరాన్, రెనిన్ రెండూ తక్కువ వస్తే మాత్రం అతిమధురం ప్రభావం ఇంకా పోలేదని అనుకోవచ్చు. అనుమానం నిలిస్తే చాలామందికి నాలుగు గంటల్లో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి, ఆల్డోస్టెరాన్ దిగుతుందో లేదో మళ్లీ చూస్తారు.

ఇప్పుడు గడ్డ. ఇంత చిన్నది క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ, ఆ భయం పక్కన పెట్టండి. కానీ ఆపరేషన్ తేదీ ఇప్పుడే తీసుకోవద్దు. మీ వయసులో ఏ హార్మోనూ వదలని గడ్డలు స్కాన్‌లలో తరచూ కనిపిస్తాయి. ఎడమవైపు గడ్డ కనిపిస్తున్నా ఆల్డోస్టెరాన్ కుడివైపు నుంచో, రెండు వైపుల నుంచో వస్తుండవచ్చు. తేల్చడానికి తొడ దగ్గరి నుంచి సన్నని గొట్టం పంపి రెండు అడ్రినల్ సిరల్లోంచి విడివిడిగా రక్తం తీస్తారు. కుడివైపు సిర పొట్టిది, నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది, దాన్ని పట్టుకోవడం కష్టం. తరచూ చేసే కేంద్రంలోనే చేయించుకోవాలి. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో స్కాన్ చూసి వైద్యం చేసినా, ఈ పరీక్షతో చేసినా ఏడాది తర్వాత మాత్రల సంఖ్యలో తేడా రాలేదు. అది తెలిసినా మీకు ఈ పరీక్షే చెప్తాను. తప్పు గ్రంథి తీసేశాక తిరిగి పెట్టలేం కదా. ఈలోగా గడ్డ కార్టిసాల్ వదులుతోందేమో చూడటానికి రాత్రి పదకొండింటికి ఒక డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని పొద్దున రక్తం ఇచ్చే పరీక్ష కూడా చేయించండి.

ఒక వైపే అని తేలితే ల్యాపరోస్కోపీతో ఆ గ్రంథి తీసేయడం మంచి వైద్యం. ఎంత ఆశించాలో కూడా తెలుసుకోండి. 2017లో ప్రచురితమైన పలు దేశాల అధ్యయనంలో 94 శాతం మందికి హార్మోన్, పొటాషియం పూర్తిగా సర్దుకున్నాయి. బీపీ మాత్రలు ఒక్కటి కూడా అక్కర్లేనివాళ్లు 37 శాతమే. మిగతావాళ్లలో చాలామందికి మాత్రలు తగ్గుతాయి, అదీ లాభమే.

రెండు వైపులా అయితే కత్తి అవసరం లేదు. స్పైరనోలాక్టోన్ చవకైన, పాత మందు, బాగా పనిచేస్తుంది. మగవాళ్లలో కొందరికి రొమ్ములు నొప్పిపెట్టి పెరుగుతాయి. సిగ్గుపడి మందు మానేయకుండా చెప్పండి, ఎప్లెరెనోన్‌కు మార్చవచ్చు. ఈ మందు మొదలైన రోజు నుంచి లెక్క తిరగబడుతుంది: సిరప్ ఆపాలి, ‘లో సోడియం’ ఉప్పు వాడకూడదు, కొబ్బరి బోండాలు రోజూ వద్దు. టెల్మిసార్టాన్‌తో కలిసి పొటాషియం మరీ పెరిగిపోవచ్చు కాబట్టి మొదటి వారాల్లోనే రక్తపరీక్ష కావాలి. 2018లో బోస్టన్ పరిశోధకులు చూపించిన దాని ప్రకారం, మందు వాడుతున్నా రెనిన్ అణగారే ఉన్నవాళ్లకు గుండెజబ్బుల ముప్పు మిగిలింది, రెనిన్ లేచినవాళ్లకు మామూలు బీపీ రోగులంతే ఉంది. అందుకే బీపీ తగ్గిందని ఆగకుండా కొన్ని నెలలకు రెనిన్ మళ్లీ చూడమని అడగండి.

‘పట్టించుకోవద్దు’ అన్న మాటతో మాత్రం నేను ఒప్పుకోను. 2005లో ఫ్రాన్స్ పరిశోధకులు ఈ జబ్బున్న 124 మందిని 465 మంది మామూలు బీపీ రోగులతో పోల్చారు. పక్షవాతం వీళ్లలో 12.9 శాతం మందికి, వాళ్లలో 3.4 శాతం మందికి వచ్చింది. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు చిన్న వయసులోనే బీపీ ఉంటే వాళ్లకూ ఇదే పరీక్ష చెప్పండి.

నాలుగు వారాల తర్వాత ఆల్డోస్టెరాన్, రెనిన్, ఆ రోజు పొటాషియం, ఆ రోజు వేసుకున్న మాత్రల పేర్లు ఒకే కాగితం మీద రాసుకుని ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి. గొంతుకు అప్పటిదాకా గోరువెచ్చటి నీళ్లు చాలు.