పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: నవ్వించే నవలలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హాస్య నవలల చుట్టూనే తిరిగాయి. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము.

ప్రశ్న: మిర్చి యార్డు నేపథ్యంలో హాస్యం నిండిన అపరాధ పరిశోధన నవల ఒకటి రాస్తున్నాను. కోల్డ్ స్టోరేజీలో నిలవ చేసిన మూడు వందల టిక్కీలు (మిర్చి బస్తాలు) రాత్రికి రాత్రి మాయమవడం కథ. పేజీకి రెండు జోకులైనా ఉండేలా చూసుకున్నాను. చదివిన మిత్రులు మాత్రం ‘జోకులు బాగున్నాయి గానీ నవల నడవడం లేదు’ అంటున్నారు. లోపం ఎక్కడుంది? (ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మీ మిత్రులు లోపాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. రచయిత జోకు చెప్పిన ప్రతిసారీ కథ కాసేపు ఆగుతుంది. అపరాధ పరిశోధన కథ చదివేవాడు తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంతోనే పేజీ తిప్పుతాడు కాబట్టి, ఆ ఆగడం అతనికి అడ్డంకి అవుతుంది. మీరు ఒకసారి జోకులన్నీ కొట్టేసి, మిగిలిన కథను చదివి చూడండి. టిక్కీలను ఎవరు, ఏ లారీలో, ఎవరి కళ్లుగప్పి తరలించారో, ఎక్కడ ఏ ఆనవాలు వదిలారో గంభీరమైన డిటెక్టివ్ నవలలో ఉన్నంత పకడ్బందీగా కుదిరిందా? కుదరకపోతే ముందు ఆ పని పూర్తి చేయండి. నేరం నిజంగా జరిగినట్టు అనిపించకపోతే దాని చుట్టూ ఎంత నవ్వు పోసినా నిలవదు.

ఇక నవ్వు ఎక్కడి నుంచి రావాలన్నది రెండో సంగతి. రచయిత చమత్కారం నుంచి వచ్చే నవ్వు పేజీతోనే అయిపోతుంది. తన పద్ధతినీ తన తర్కాన్నీ ప్రాణంతో సమానంగా నమ్మే పాత్ర నుంచి వచ్చే నవ్వు మాత్రం నవలంతా సాగుతుందని నా గట్టి నమ్మకం. మీ యార్డులోనే అలాంటి మనుషులు ఉన్నారు. ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్న గుమాస్తాను ఒకణ్ణి ఊహించండి. పుస్తకంలో ఉన్న సరుకు గదిలో లేకపోవడం జరగదని ఆయన నమ్మకం. ఎస్సై వచ్చి ఖాళీ గది చూపిస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని, లాటు నంబరు, రైతు పేరు, తేజ రకం, తూకం వరసగా చదివి వినిపించి, ‘సరుకు ఉందండీ, దొంగతనం జరగలేదు’ అని ఎంతో మర్యాదగా చెబుతాడు. యజమాని ఇబ్బంది వేరు. కోల్డ్ స్టోరేజీ రసీదుల మీద బ్యాంకులో అప్పు తీసుకోవడం మీ ఊళ్లో తెలియనివారు ఉండరు. గదిలో నిజంగా ఉన్నవి మూడు వందల టిక్కీలు, బ్యాంకుకు చూపినవి ఐదు వందలు అయిన పక్షంలో ఆ యజమానికి దొంగ దొరకడం కంటే దొరకకపోవడమే క్షేమం. దొంగ కోసం గాలించే ఎస్సై, దొంగ దొరక్కూడదని మొక్కుకునే యజమాని, దొంగతనమే లేదనే గుమాస్తా ఒక గదిలో కూర్చుంటే, వారిలో ఎవరూ నవ్వించాలని ప్రయత్నించనక్కరలేదు. మిర్చి ఘాటుకు ఎస్సై తుమ్మే సన్నివేశం మీ రాతప్రతిలో ఉంటే తీసేయండి. అది అందరికీ మొదట తట్టే ఊహ.

పోలీసుల తీరు రాసేటప్పుడు చట్టం తెలుసుకుని రాయడం మంచిది. ‘ఇది మా స్టేషన్ పరిధి కాదు’ అంటూ ఫిర్యాదుదారుణ్ణి రెండు స్టేషన్ల మధ్య తిప్పే సన్నివేశం మన హాస్య నవలల్లో ఏళ్లుగా వస్తోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, విచారణకు తీసుకోదగిన నేరం (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం) ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం అందుకున్న స్టేషన్ దాన్ని నమోదు చేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఫిర్యాదు పంపినవారు మూడు రోజుల్లో వచ్చి సంతకం చేయాలి. మీ కథ ఈ కాలంలో జరుగుతున్నదైతే పాత సన్నివేశం చెల్లదు. ఆ మూడు రోజుల గడువును వాడుకోండి. సంతకం పెట్టడానికి బయలుదేరిన ఫిర్యాదుదారుణ్ణి యజమాని ఏదో ఒక వంకతో రోజూ వెనక్కి పిలిపించడంలో కావలసినంత కథ ఉంది.

తెలుగులో నేరమూ నవ్వూ కలిసిన రచన కోసం దూరం వెళ్లనక్కరలేదు. ‘కన్యాశుల్కం’ చివరి అంకాలను అపరాధ కథగా ఒకసారి చదవండి. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వకుండా ఆపడానికి, కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి ఆయనకే పెళ్లి చేస్తాడు. పని కాగానే శిష్యుడు వేషం తీసేసి మాయమవుతాడు. పెళ్లికూతురు కనిపించకపోవడంతో లుబ్ధావధాన్లు మీద హత్యానేరం పడుతుంది. చనిపోయినవారు లేరు, చంపినవారు లేరు, అసలు ఆ పిల్లే లేదు. అయినా పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు అందరూ నూటికి నూరుపాళ్లు శ్రద్ధతో తమ పని తాము చేసుకుపోతూ ఉంటారు. పెళ్లికోసం మధురవాణి ఎరువిచ్చిన కంటె (మెడలో వేసుకునే నగ) ఎక్కడుందన్న ప్రశ్న కథను ఇంకా బిగిస్తుంది. 1897లో తొలికూర్పు, 1909లో తిరగరాసిన కూర్పు వచ్చిన ఈ నాటకంలో నేరకథకు కావలసిన బిగువు ఎక్కడా సడలదు. దీన్ని సంఘ సంస్కరణ నాటకంగానే పాఠాల్లో చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆధునిక నవలల్లో, విజయవాడలో పుట్టిన మల్లాది వెంకటకృష్ణమూర్తి రాసిన ‘చంటబ్బాయ్’ చూడండి. 1986లో జంధ్యాల తీసిన సినిమా వల్ల ఈ కథ అందరికీ తెలుసు. అందులో డిటెక్టివ్ పాండురంగారావు తన వృత్తిని ఎంతగా గౌరవించుకుంటాడో గమనించండి. మనకు నవ్వు వచ్చేది ఆ గౌరవం వల్లనే.

ప్రశ్న: మా కార్పొరేషన్ వార్డు రాజకీయాల మీద వ్యంగ్య నవలిక రాశాను. ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితం’ అని మొదటి పేజీలో వేస్తే చాలునా? కేసులు పడతాయని మావారు భయపడుతున్నారు. (ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఆ ఒక్క వాక్యం మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ కారాగారం గానీ, జరిమానా గానీ, రెండూ గానీ, సమాజ సేవ గానీ విధించవచ్చు. వ్యంగ్యంగా అన్న మాట కూడా పరువు నష్టం కిందికి రావచ్చని పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, కొత్త సంహితలోనూ ఉంది. పేరు మార్చినా, ఫలానా మనిషేనని ఇరుగుపొరుగు గుర్తుపట్టగలిగితే చిక్కు రావచ్చు. ప్రజాసేవకుడు తన విధుల్లో నడుచుకున్న తీరు మీద సద్భావంతో చెప్పే అభిప్రాయానికి మాత్రం అదే సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. కాబట్టి ఆ మనిషి ఇంటి సంగతులు, ఒంటి తీరు, కులం, పిల్లలు మీ నవలికలో ఉంటే తీసేయండి. కుర్చీలో కూర్చుని చేసిన పనులను ఉంచండి. అచ్చుకు ముందు న్యాయవాదికి ఒకసారి చూపించండి.

చట్టం మాట పక్కన పెట్టినా, సాహిత్యపరంగా కూడా ఇదే మంచి దారి అని నా అభిప్రాయం. ఒక కార్పొరేటరు మీద కోపంతో రాసిన పుస్తకం ఆ కార్పొరేటరు పదవీకాలంతోనే పాతబడుతుంది. కాలువ పూడిక తీయడానికి ఎస్టిమేటు ఎవరు వేస్తారు, టెండరు ఎలా పిలుస్తారు, బిల్లు ఏ బల్ల దగ్గర ఆగుతుంది అన్నది పట్టుకుని రాస్తే, ఆ బల్ల ఉన్నంతకాలం మీ నవలిక చదువుతారు. హిందీలో ‘రాగ్ దర్బారీ’ 1968లో వచ్చింది. దాన్ని రాసిన శ్రీలాల్ శుక్లా ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారి. పంచాయతీ, సహకార సంఘం, కాలేజీ కమిటీ ఎలా నడుస్తాయో లోపలి నుంచి చూసినవాడు కాబట్టే, మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ పుస్తకం ఏ రాష్ట్రంవాళ్లకైనా తమ ఊరి కథే అనిపిస్తుంది.

మన భాషలో ఈ పనిని కె.ఎన్.వై. పతంజలి సాధించారు. పత్రికల్లో పనిచేసిన అనుభవం ఆయనది. పోలీసు వ్యవస్థ మీద ‘ఖాకీవనం’ రాశారు. ‘గోపాత్రుడు’, ‘పిలక తిరుగుడు పువ్వు’ రెండూ కలిపి చదవండి. భూమి బల్లపరుపుగా ఉందా గుండ్రంగా ఉందా అన్న ఊరి తగాదా పెరిగి పెరిగి కోర్టుకెక్కుతుంది. ఎవరూ పరిహాసానికి మాట్లాడరు. వాదులాడుకునేవారు, కేసు నడిపేవారు అందరూ ఎంతో నిష్ఠగా తమ వంతు నెరవేరుస్తారు. మీ వార్డు సమావేశాన్ని అంత నిష్ఠగా రాయగలిగితే మీకు మరో అలంకారం అక్కరలేదు.

ప్రశ్న: పాత రాజకీయ వ్యంగ్య రచనలు చదివితే అప్పటి మంత్రులెవరో తెలియక సగం అర్థం కావడం లేదు. చదవడం దండగ అంటారా? (డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: దండగ కాదు. ముళ్లపూడి వెంకటరమణ ‘రాజకీయ భేతాళ పంచవింశతి’తో మొదలుపెట్టండి. విక్రమార్కుడు, భేతాళుడు అన్న చట్రం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే కాబట్టి, ఎవరి గురించి రాశారో తెలియకపోయినా పదవి కోసం మనిషి పడే పాట్లు తెలుస్తూనే ఉంటాయి. పేర్ల వెంట పడకుండా ఒకసారి చదివేయండి. ఆ తర్వాత ఆసక్తి కలిగితే గ్రంథాలయంలో ఆనాటి పత్రికలు తిరగేయవచ్చు.

ప్రశ్న: తెలుగు హాస్యమంటే భార్య మీద జోకులు, లావుగా ఉన్నవారి మీద జోకులు, యాస మీద జోకులేనా? చదివి చదివి విసుగు పుట్టింది. (గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: మీ విసుగు న్యాయమైనది. శరీరాన్నో యాసనో ఎత్తిచూపి నవ్వించడం బద్ధకపు రాత. ఆ పాత్రకు ఏం కావాలో కనుక్కునే శ్రమ రచయిత పడలేదన్న మాట. అయితే మన సంప్రదాయంలో అదొక్కటే లేదు. గుంటూరు జిల్లా సంగంజాగర్లమూడిలో పుట్టిన మునిమాణిక్యం నరసింహారావు సృష్టించిన కాంతాన్ని చూడండి. కథ చెప్పేది భర్తే అయినా తెలివైన మాట ఎక్కువగా ఆవిడదే, ఓడిపోయేది ఆయనే, ఆ ఓటమిని ఇష్టంగా చెప్పుకునేదీ ఆయనే. ఆ ఇద్దరి మధ్య ఉన్న ప్రేమ వల్లనే నవ్వులో చేదు లేదు. పొత్తూరి విజయలక్ష్మి కథలు, నవలలు కూడా తప్పక చదవండి. ఇంటికి చుట్టాలు దిగడం, పెళ్లి పనులు, పక్కింటి పెత్తనం లాంటి మామూలు విషయాలను ఆడవారి వైపు నుంచి ఆమె హాయిగా నవ్విస్తూ చెబుతారు. జంధ్యాల ‘శ్రీవారికి ప్రేమలేఖ’ సినిమాకు ఆధారం ఆమె నవలే.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ‘బారిస్టర్ పార్వతీశం’ కొనిచ్చాను. పది పేజీలు చదివి పక్కన పెట్టేశాడు. భాష కష్టంగా ఉందంటాడు. ఏం చేయాలి? (ఒక తండ్రి, కొత్తపేట, గుంటూరు)

జవాబు: మొక్కపాటి నరసింహశాస్త్రి నవల తొలిభాగం 1924 నాటిది. వందేళ్లనాటి వాక్యం పిల్లవాడి కంటికి బరువుగానే ఉంటుంది గానీ చెవికి అంత బరువుగా ఉండదు. రాత్రి భోజనాలయ్యాక మీరే పైకి చదవండి, రోజుకు నాలుగైదు పేజీలు చాలు. దొరసానులు పెట్టుకునే టోపీని మగవాళ్ల టోపీ అనుకుని కొని, దర్జాగా నెత్తిన పెట్టుకుని తిరిగే ఘట్టం దాకా తీసుకెళ్లండి. చుట్టూ ఉన్నవారు ఎందుకు నవ్వుతున్నారో పార్వతీశానికి తెలియదు. ఆ ఘట్టం దాటాక పుస్తకం మీ చేతిలోంచి వాడే లాక్కోవచ్చు. వాడిని వెక్కిరింతకు అలవాటు చేస్తున్నామేమోనని సంకోచించకండి. ఊరు దాటి తెలియని దేశం వెళ్లిన కుర్రవాడి ధైర్యం మీద రచయితకు ఎంతో గౌరవం ఉంది, అది పిల్లలకు కూడా తెలుస్తుంది.

మూడు భాగాలూ కలిపి ఉన్న ప్రతిని తీసుకోండి, మొదటి భాగం ఒక్కటే కొంటే మిగతా కథ కోసం మళ్లీ తిరగాలి. పైన చెప్పిన పుస్తకాల కోసం విజయవాడ ఏలూరు రోడ్డులోని దుకాణాల్లో ముందు అడిగి, అక్కడ లేనివాటిని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల అంగళ్లలో వెతకండి. అట్ట చిరిగినా ఫరవాలేదు గానీ, చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకుని డబ్బు ఇవ్వండి. అపరాధ పరిశోధన నవలల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.