వర్ధంతి ఫిబ్రవరిలో, ఫీజు జులైలో

సినిమా చదువులకు ఆర్థిక సాయం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. పోయినవాళ్ల పేరుతో స్కాలర్‌షిప్ పెట్టాలనుకునేవాళ్లూ రాశారు, అలాంటిదాని కోసం దరఖాస్తు పెట్టుకునేవాళ్లూ రాశారు. పనికొచ్చే సంగతులు ఎక్కువున్న వాటికి ఎక్కువ చోటిచ్చాం.

*ప్రశ్న: మా మిత్రుడు కెమెరామన్. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో పోయాడు. పద్నాలుగు మందిమి కలిసి 6 లక్షలు పోగుచేశాం. బ్యాంకులో డిపాజిట్ వేసి, ఏటా వర్ధంతి రోజున చిన్న సభ పెట్టి, వాళ్లావిడ చేతుల మీదుగా సినిమాటోగ్రఫీ చదివే పేద విద్యార్థికి 50 వేలు ఇవ్వాలని అనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి? (విజయవాడ నుంచి)*

జవాబు: ముందు లెక్క చూడండి. 6 లక్షలకు 7 శాతం వస్తే ఏడాదికి 42 వేలు. వడ్డీ 6 శాతానికి దిగితే 36 వేలు. అసలు ముట్టుకోకుండా 50 వేలు ఇవ్వాలంటే కనీసం 8 లక్షలు కావాలి. 6.5 శాతం చొప్పున దానిమీద 52 వేలు వస్తాయి. రెండో దారి, అసలు కూడా కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టడం. అదే 6 లక్షల్లోంచి ఏటా 75 వేలు తీస్తూపోతే, 6.5 శాతం వడ్డీ మీద 11 ఏళ్లు నడుస్తుంది. మాకైతే రెండోదే నచ్చుతుంది. ‘శాశ్వత నిధి’ అనే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఇప్పటి 40 వేలు ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి ఫీజులోనూ ఓ మూలకు రాదు. పదకొండు మంది పిల్లలు గట్టెక్కితే మీ మిత్రుడి పేరు చెప్పుకునేవాళ్లు పదకొండు మంది ఉంటారు.

అసలు చిక్కు తేదీ దగ్గర ఉంది. వర్ధంతి ఫిబ్రవరిలో. కాలేజీ ఫీజు గడువు ఎక్కువ చోట్ల జులై, ఆగస్టుల్లో. డబ్బు ఫిబ్రవరిలో వస్తుందని తెలిసినా, జులైలో కట్టాల్సిన పిల్లాడు ఏం చేస్తాడు? ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. 50 వేలకు నెలకు 1,500. ఏడు నెలలకు 10,500. మీరిచ్చిన దాంట్లో అయిదో వంతు వడ్డీవ్యాపారికి పోయినట్టే. సభ ఫిబ్రవరిలోనే పెట్టుకోండి, ఫొటోకు దండ వెయ్యండి, తర్వాతి ఏడాదికి దరఖాస్తులు పిలుస్తున్నట్టు ఆ సభలోనే చెప్పండి. ఎంపిక మే నెలాఖరుకు ముగించి, జూన్‌లో ఫీజు వాటా నేరుగా కాలేజీ ఖాతాకు కట్టి రసీదు తెచ్చుకోండి.

మొత్తమంతా ఫీజుకే పోనివ్వకండి. సినిమా చదువులో పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు చివరి ఏడాదిలో, డిప్లొమా ఫిల్మ్ (చదువు ముగింపులో విద్యార్థి తీయాల్సిన సినిమా) దగ్గర. సంస్థ కెమెరా ఇస్తుంది, లైట్లు ఇస్తుంది. కొన్నిచోట్ల కొంత బడ్జెట్ కూడా ఇస్తుంది. లొకేషన్ అద్దె, నటీనటుల ప్రయాణాలు, మూడు రోజుల షూటింగ్‌లో ఇరవై మందికి పూటపూటా భోజనం, బట్టలు, హార్డ్ డిస్కులు మాత్రం జేబులోంచే. అందుకని 60 శాతం ఫీజుకు, 40 శాతం షూటింగ్‌కు నెల ముందు విద్యార్థి ఖాతాకు అని విడగొట్టండి. ఇంకో మాట. మూడేళ్ల కోర్సు నాలుగో ఏడాదిలోకి జారడం సినిమా బడుల్లో కొత్త కాదు. ‘కోర్సు కాలంలోగా’ అని రాస్తే ఆ చివరి వాయిదా మురిగిపోతుంది. ‘కోర్సు పూర్తయ్యేదాకా’ అని రాయండి.

ఎంపికకు ముగ్గురు చాలు: కాలేజీ తరఫున ఒకరు, పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకరు, ఆదాయ కాగితాలు చూడటం తెలిసిన బయటివారు ఒకరు. ఇంటివాళ్లను ఎంపికలో కూర్చోబెట్టకండి. ‘ఈ అబ్బాయికి మా ఆయన పోలికలున్నాయి’ అన్నారనుకోండి, ఆమెకు ఎదురుచెప్పగలిగేవాళ్లు ఆ గదిలో ఎవరుంటారు?

ఇక రూపం. అన్నిటికన్నా సులువు, డబ్బు కాలేజీకో విశ్వవిద్యాలయానికో ధర్మనిధిగా అప్పగించి ఒప్పంద పత్రం రాసుకోవడం. అందులో నాలుగు సంగతులు తప్పక ఉండాలి: ఏ తేదీలోగా ఇవ్వాలి, అర్హులెవరూ లేకపోతే ఆ ఏటి డబ్బు ఏంకావాలి (మరుసటేడు ఇద్దరికి ఇవ్వడం మేలు), కోర్సే ఎత్తేస్తే నిధి ఎటు పోవాలి, ఏటా లెక్క ఎవరికి పంపాలి. సొంతంగా నడపాలంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్ట్ డీడ్ రిజిస్టర్ చేయించాలి. సొసైటీ అయితే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. దాతలకు విరాళంపై పన్ను మినహాయింపు (80జి అని పిలిచేది) రావాలంటే ఆదాయపు పన్ను శాఖలో విడిగా నమోదు కావాలి, మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. 2 వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే వర్తించదు. పద్నాలుగు మందిలో పదిమంది కొత్త విధానంలోనే ఉంటే ఈ తిరుగుడంతా ఎందుకో ఒకసారి ఆలోచించుకోండి.

*ప్రశ్న: మా బృందంలో ఇద్దరు అమెరికా పౌరులు, ఒకరు హెచ్1బి మీద ఉన్నారు. ముగ్గురూ ట్రస్టు ఖాతాకు డాలర్లు పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా? (అదే ఉత్తరంలో)*

జవాబు: హెచ్1బి మిత్రుడికి ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు. పాస్‌పోర్ట్ నకలు ఒకటి ఫైల్లో పెట్టుకోండి. మిగతా ఇద్దరి సంగతి వేరు. తెలుగువాళ్లే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) లెక్కలో వాళ్లు విదేశీ దాతలే. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేని ట్రస్టు వాళ్ల దగ్గర వంద డాలర్లు కూడా తీసుకోకూడదు. ఆ నమోదుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. మీకది ఇప్పట్లో కుదరదు. ఫలానా దాత నుంచి ఫలానా పనికి ఫలానా మొత్తం అని ముందస్తు అనుమతి అడిగే దారి ఉంది గానీ, ఇంత చిన్న మొత్తానికి అంత కాగితప్పని గిట్టదు.

‘వాళ్లన్నయ్య ఖాతాలో వేయించి అక్కణ్నుంచి మళ్లిద్దాం’ అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న వేరే సంస్థ తీసుకుని మీ ట్రస్టుకు పంపడం కూడా 2020 సవరణ తర్వాత చెల్లదు. ఆ సంస్థే తీసుకుని, తన పేరుమీదే విద్యార్థికి స్కాలర్‌షిప్ ఇవ్వడం మాత్రం చెల్లుతుంది.

*ప్రశ్న: మా నాన్నగారి పేరున పెట్టే స్కాలర్‌షిప్ మా కులం పిల్లలకే ఇవ్వాలని పెద్దల మాట. డీడ్‌లో అలా రాయొచ్చా? (ఏలూరు నుంచి)*

జవాబు: ఒక కులానికో మతానికో పరిమితమైన ట్రస్టుకు పన్ను మినహాయింపులు, 80జి రావు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసమని రాస్తే ఈ అడ్డు లేదు. సినిమాటోగ్రఫీ, సౌండ్ చదివే అమ్మాయిలకు అని రాయించి చూడండి. పెద్దలూ కాదనలేరు.

*ప్రశ్న: నేను ఫిల్మ్ ఎడిటింగ్ రెండో సంవత్సరం. రెండు స్మారక స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టాను, రెండూ రాలేదు. మాది నిజంగానే పేద కుటుంబం. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది? (కరీంనగర్ నుంచి)*

జవాబు: మీరు పంపిన ఉత్తరం నకలు చూశాం. ‘మాది చాలా పేద కుటుంబం, చిన్నప్పటి నుంచి సినిమా అంటే ప్రాణం, దయచేసి ఆదుకోండి’ అని మొదలైంది. వచ్చిన అరవై ఉత్తరాల్లో యాభై ఇలాగే ఉంటాయి. దాని చోట ఇలా రాసి చూడండి:

‘నాన్న ఆటో నడుపుతారు. ఫైనాన్స్ కిస్తీ 6,200 పోగా నెలకు 13 వేలు మిగులుతాయి. అమ్మ మిషన్ కుడుతుంది, నెలకు 4 వేలు. ఇంటద్దె 5,500. చెల్లి ఇంటర్ చదువుతోంది. ఈ ఏడాది ఫీజు 70 వేలల్లో 45 వేలు కట్టాం. మిగిలిన 25 వేలకు గడువు జులై 31. అది కట్టకపోతే ఎడిటింగ్ సూట్ కేటాయించరు.’

అంకెలు మీవి వేసుకోండి. ఎంత తక్కువపడింది, ఎప్పటికి కావాలి, రాకపోతే ఏమవుతుంది: చూసేవాళ్లకు కావాల్సినవి ఈ మూడే. ప్రాణం సంగతి మీ పని చూస్తే తెలుస్తుంది.

ఆ పని దగ్గరే రెండో పొరపాటు జరిగి ఉండొచ్చు. మీరిచ్చిన డ్రైవ్ లింకు నొక్కితే అనుమతి అడుగుతోంది. లింకు ఉన్న ఎవరైనా చూసేలా మార్చి, వేరే ఫోన్‌లో, లాగిన్ కాకుండా తెరిచి చూసుకోండి. పదిహేను నిమిషాల సినిమా మొత్తం పంపకండి. మీరు కట్ చేసిన మూడు నిమిషాల సీన్ ఒకటి, దాని కింద రషెస్ (కట్ చేయకముందు షూట్ చేసిందంతా) ఎంతసేపు ఉన్నాయో, మీరు ఏం తీసేశారో రెండు వాక్యాలు చాలు.

కాగితాల్లో ఎక్కువగా తన్నేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. మీసేవ ద్వారా తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఈ ఆర్థిక సంవత్సరానిదే పెట్టండి. కాలేజీ నుంచి బోనఫైడ్‌తో పాటు, బాకీ ఎంతో చూపే ఫీజు లెటర్ కూడా తీసుకోండి.

*ప్రశ్న: ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుండగా ప్రైవేటు స్మారక సాయం తీసుకుంటే మొదటిది పోతుందా? ఇంకో సంగతి, మంజూరైందని చూపిస్తోంది, ఖాతాలో పడలేదు. (నల్గొండ నుంచి)*

జవాబు: సాధారణంగా ఒకేసారి రెండు స్కాలర్‌షిప్‌లు కూడదు. అయితే ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ మార్గదర్శకాల్లో ఒక మినహాయింపు ఉంటూ వచ్చింది: పుస్తకాలకు, పరికరాలకు, తిండికి, బసకు వేరేచోట నుంచి వచ్చే సాయం తీసుకోవచ్చని. మీ పథకం నిబంధన చదివి, స్మారక సాయం మంజూరు లేఖలో ‘హార్డ్ డిస్కులు, హాస్టల్ మెస్ ఖర్చుల నిమిత్తం’ అన్న మాట ఉండేలా అడగండి. రెండు చోట్లా రెండో సాయం గురించి చెప్పండి. దాచిపెడితే తిరిగి కట్టమంటారు.

డబ్బు పడకపోవడానికి ఆధార్ సీడింగ్ (ఏ ఖాతాకు ఆధార్ జోడించి ఉందో) చూడండి. కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐలో మ్యాప్ కావడం వేరు. చివరిసారి ఏ బ్యాంకు సీడ్ చేసిందో సొమ్ము దాంట్లోకే పోతుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతా ఉంటే దాని పాస్‌బుక్ వేయించి చూడండి.

*ప్రశ్న: డిప్లొమా ఫిల్మ్‌కు సాయం అడుగుతూ హార్డ్ డిస్కులకు 20 వేలు అని రాశాను. ఎక్కువని కొట్టేశారు. నిజంగా ఎంత కావాలి? (హైదరాబాద్ నుంచి)*

జవాబు: మొత్తం రాశారు, లెక్క రాయలేదు. 4కెలో ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్ మీద తీస్తే గంట రషెస్‌కు 320 నుంచి 330 జీబీ పడుతుంది. 15 నిమిషాల సినిమా, తెరమీది ఒక్కో నిమిషానికి పది నిమిషాల వంతున తీస్తే రెండున్నర గంటలు, అంటే 800 జీబీ పైన. 1 టీబీ డిస్కు కంప్యూటర్‌లో 931గానే కనిపిస్తుంది. సౌండ్, ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే చిన్న సైజు కాపీలు), ప్రాజెక్టు ఫైళ్లు వేసేసరికి నిండిపోతుంది. కాబట్టి 2 టీబీవి రెండు: ఒకటి ఎడిటింగ్‌కు, రెండోది కాపీకి. ఆ రెండోది సెట్ మీద కెమెరా కార్డు ఖాళీ చేయకముందే నిండాలి, రాత్రి హాస్టల్‌కు వేరే మనిషి సంచిలో వెళ్లాలి. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కితే రెండు డిస్కులున్నా ఒకటే ఉన్నట్టు. ఈ లెక్క, దుకాణం కొటేషన్ జతచేసి మళ్లీ పంపండి.

*ప్రశ్న: గొల్లపూడి శ్రీనివాస్ స్మారక పురస్కారానికి ఫిల్మ్ స్కూల్ విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చా? (విశాఖ నుంచి)*

జవాబు: అది చదువుకు ఇచ్చే సాయం కాదు. గొల్లపూడి మారుతీరావుగారి అబ్బాయి శ్రీనివాస్ 1992 ఆగస్టులో తన మొదటి సినిమా తీస్తూ మీ ఊరి దగ్గర సముద్రంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయన పేరున ఆ కుటుంబం పెట్టిన ఈ పురస్కారం తొలి చిత్రం తీసిన దర్శకులకు. డిప్లొమా ఫిల్మ్ దాని కిందకు రాదు.