ప్లగిన్ ఎవరి చేతి నుంచి వచ్చిందో ముందు చూడండి

చిన్న వ్యాపారానికి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో సైటు పెట్టుకున్నాననీ, అందులో ఇరవై రెండు ప్లగిన్లు (అదనపు సౌకర్యాల కోసం సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయనీ, ఎన్ని దాటితే ప్రమాదమో చెప్పమనీ మీరు అడిగారు. మంగళగిరి చీరలు అమ్మే మా వదినగారి సైటును ఎన్నో ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను కాబట్టి నా అనుభవం చెబుతాను. లెక్క గురించి బెంగ పెట్టుకోకండి. ఆ ఇరవై రెండింటిలో ఒక్కటి చెడ్డదైనా సైటు మొత్తం పోతుంది, ఎందుకంటే వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్‌కు హద్దులంటూ లేవు. ఫోనులో యాప్ అడిగినట్టు కెమెరాకు ఒక అనుమతి, ఫొటోలకు ఒక అనుమతి అని అది అడగదు. యాక్టివేట్ చేసిన క్షణం నుంచి వర్డ్‌ప్రెస్ చదవగలిగినదంతా, డేటాబేసు పాస్‌వర్డుతో సహా, అదీ చదవగలదు.

ఒక దసరాకు పది రోజుల ముందు, విజయవాడ నుంచి ఎప్పుడూ చీరలు తీసుకునే ఒకావిడ వదినగారికి ఫోన్ చేసి, "గూగుల్‌లో మీ షాపు పేరు కొడితే కింద ఏవో జపాన్ అక్షరాలు వస్తున్నాయండీ, సైటు ఎవరికైనా అమ్మేశారా?" అని అడిగారు. మేము చిరునామా నేరుగా కొట్టి చూస్తే సైటు ఎప్పటిలాగే ఉంది. అవే జరీ అంచులు, అవే ధరలు. ఆవిడే పొరబడ్డారని ఆ పూటకు ఊరుకున్నాం. సాయంత్రం గూగుల్‌లో 'సైట్' అనే ఇంగ్లీషు మాట, కోలన్, ఆ వెంటనే మా చిరునామా కొట్టి వెతికితే, మేమెన్నడూ రాయని వందల పేజీలు జపాన్ భాషలో వరుసగా కనిపించాయి. చొరబడిన కోడ్, వెతుకులాట కోసం సైట్లను చదివి వెళ్లే గూగుల్ బాట్ అనే ప్రోగ్రాముకు ఒక పేజీ, మామూలు సందర్శకులకు మరో పేజీ చూపుతోంది.

ఆ రాత్రి సైటు ఫైళ్లు ఉండే హోస్టింగ్‌లోకి వెళ్లి ఫోల్డర్లన్నీ వెతికాను. అప్‌లోడ్స్ ఫోల్డరులో చీరల ఫొటోలు తప్ప మరేమీ ఉండకూడదు. అక్కడ ఒక పసుపు చీర ఫొటో పక్కనే, అదే పేరుకు ఒక అంకె తగిలించుకొని, చివర మాత్రం పీహెచ్‌పీ అని ఉన్న ఫైలు ఒకటి ఉంది, అంటే అది ఫొటో కాదు, సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము. తెరిస్తే ఎక్కడా విరుపు లేకుండా ఒకే పంక్తిలో అర్థం కాని అక్షరాలు. తీసేశాను. పొద్దున లేచి చూస్తే అదే ఫైలు, అదే చోట మళ్లీ ఉంది. మూడు రోజులు తీసేస్తూ, అది తిరిగి వస్తూ ఉండగా, చివరకు మూలం మొదటి పేజీలో బొమ్మలు తిప్పే స్లైడర్ ప్లగిన్‌లో దొరికింది. అది డబ్బు పెట్టి కొనవలసిన ప్లగిన్. సైటు కట్టి ఇచ్చిన వ్యక్తి దాని ఖరీదు మా బిల్లులో వేసి, పెట్టింది మాత్రం నల్డ్ కాపీ, అంటే లైసెన్సు తాళం తీసేసి బయట పంచే దొంగ కాపీ. జపాన్ పేజీలన్నీ గూగుల్ నుంచి పోయేసరికి దీపావళి కూడా దాటింది, ఆ ఏటి పండగ బేరమంతా పోయింది.

ఇలా నల్డ్ కాపీలు పెట్టేవారు నాకు చాలామంది తగిలారు. ప్లగిన్లకు ఉండేది ఎవరైనా కాపీ చేసి పంచుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కాబట్టి కాపీ చేయడం తప్పు కాదని వాదిస్తారు. తప్పా ఒప్పా అన్నది పక్కన పెట్టినా, అసలు రచయిత నుంచి మన దగ్గరికి వచ్చే దారిలో దాన్ని ఎవరు తెరిచారో, ఏం కలిపారో ఎవరికీ తెలియదు, పైగా అప్‌డేట్లు రావు. చీరల లాభం మీద బతికే మనిషికి ఇలాంటిది అంటగట్టడం ద్రోహమే అంటాను.

వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీ నుంచి తీసుకున్నదైనా చేతులు మారవచ్చు. సుమారు 2 లక్షల సైట్లలో ఉన్న డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను రచయిత అమ్మేశాక, 2017లో కొత్త యజమాని అప్‌డేట్ రూపంలోనే దొంగ కోడ్ పంపాడు. అది పెట్టే స్పామ్ పేజీలు లాగిన్ అయి ఉన్న యజమానికి కనిపించేవి కావు. అందుకే నేను నక్షత్రాల రేటింగు అసలు చూడను. చివరి అప్‌డేట్ తేదీ, సపోర్ట్ పేజీలో గత రెండు నెలల ప్రశ్నలకు జవాబులు వచ్చాయా లేదా, రచయిత పేరు ఈ మధ్య మారిందా అన్నవి చూస్తాను. దీనివల్ల అప్‌డేట్లు ఆపేయమని మాత్రం అనను, పాత వెర్షన్ల వల్ల పాడైన సైట్లే ఎక్కువ.

వాడని ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేస్తే దాని ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ ప్లగిన్‌లో బయటపడిన లోపంలో, లాగిన్ లేకుండానే అందులోని ఒక ఫైలును నేరుగా పిలిచి సైటులోకి ఏ ఫైలైనా ఎక్కించే వీలుండేది. అప్పటికి అది సుమారు 7 లక్షల సైట్లలో ఉంది. డిలీట్ నొక్కితేనే ఆ తలుపు మూసుకుంటుంది.

మీ సైటు కట్టినవారిని డబ్బు ప్లగిన్లు ఏవో, ఒక్కోదాని కొనుగోలు రసీదు ఎవరి పేరు మీద ఉందో ఈరోజే అడగండి. రసీదు చూపలేనిదాన్ని, సైటు మొత్తానికి బ్యాకప్ తీసి దాన్ని హోస్టింగ్‌లో కాకుండా మీ కంప్యూటరులో పెట్టుకున్నాక, ఈ వారంలోనే తీసేయించండి.